రాజమ్మ రాయించిన కోడలు

అనసూయమ్మకు డెబ్బై ఎనిమిదేళ్లు. అయినా కాలు ఒకచోట నిలవదు. పొద్దున్నే షేక్‌పేట పాత ఊళ్లోని తన వెనకింటి గదికి తాళం పెట్టి, బస్సు కోసం చూడకుండా ఫిలింనగర్ దాకా నడిచి వస్తుంది. మోకాళ్ల డాక్టరు నడవమన్నాడా అంటే, వద్దన్నాడు. కూర్చుంటే ఏవేవో గుర్తొస్తాయట. అందుకని నడుస్తుంది.

ఆవిడది సినిమా పని. గుంపులో ముసలమ్మ వేషం. ముప్పై ఏళ్లకు పైగా చేస్తోంది, ఒక్క డైలాగు చెప్పిన పాపాన పోలేదు. పెళ్లి సీనులో అక్షింతలు వేస్తుంది, చావు సీనులో ఏడుస్తుంది, కోర్టు సీనులో ముందు వరుసలో కూర్చుని ముక్కు మీద వేలేసుకుంటుంది. ఆవిడ అక్షింతలు వేసిన జంటలు సాయంత్రానికి ఎవరి కార్లో వాళ్లు పోయారు. ఆవిడ గుండెలు బాదుకున్న శవాలు టీ తాగడానికి లేచి కూర్చున్నాయి. సినిమాల్లో కోర్టులు చూసీ చూసీ, న్యాయమంటే ఎవరో ఒకరు గట్టిగా అరిస్తే తేలిపోయేదని ఆవిడకు ఒక నమ్మకం ఉండేది. పోయిన కార్తీకంలో ఆ నమ్మకం కాస్తా ఊడిపోయింది.

మొదట ఆవిడ ఇంటి సంగతి చెప్పాలి. అనసూయమ్మ రాజమ్మ కడుపున పుట్టిన పిల్ల కాదు. ఈ ముక్క షేక్‌పేటలో ముసలివాళ్లందరికీ తెలుసు. హైదరాబాదు మీదికి సైన్యం వచ్చిన ఏడు, వానలు వెనకబట్టే రోజుల్లో, చేను గట్టున ఏడాది పిల్ల దొరికింది. పక్కన ఎవరూ లేరు. ముందు రజాకార్లకు భయపడి కొందరు పారిపోయారు, తరవాత వాళ్ల మీది కసిని చేతికందిన అమాయకుల మీద తీర్చుకునేవాళ్లకు భయపడి ఇంకొందరు పారిపోయారు. ఆ పిల్ల వీళ్లదో వాళ్లదో, ఏ దేవుడికి మొక్కేవాళ్లదో ఎవరు చెప్పగలరు? రాజమ్మ అప్పటికే మొగుడు పోయిన మనిషి, నాలుగేళ్ల కొడుకు బాలనర్సయ్య ఒక్కడే ఆధారం. పిల్లను చంకనేసుకుని ఇంటికి తెచ్చి, కొడుకు పళ్లెంలోనే గోరుముద్దలు పెట్టింది. "దొరికిన పిల్ల" అని ఎవరైనా అంటే చీపురు తిరగేసేది.

అన్నాచెల్లెళ్లు అలాగే పెరిగారు. అనసూయను స్టూడియోలో లైట్లు మోసే వీరస్వామికిచ్చి చేసింది రాజమ్మ. వీరస్వామి మంచివాడు, ఇరవై రెండేళ్లు బాగా చూసుకున్నాడు, దమ్ము జబ్బుతో పోయాడు. పిల్లల్లేరు. రాజమ్మ వెళ్లి కూతుర్ని తీసుకొచ్చి వెనకింటి గదిలో పెట్టింది. "నేను పోయినా ఈ అర్ర నీదే" అంది. ఆ మాటకు కాగితం లేదు. ఆ ఇంట్లో అలాంటి మాటలకు కాగితం అడిగే మనిషీ లేడు.

రాజమ్మ పోయి చాలా కాలమైంది. నీళ్ల బోర్డులో లైన్‌మాన్‌గా చేసి రిటైరైన బాలనర్సయ్య పోయిన ఆషాఢంలో పోయాడు. ఇంట్లో మిగిలింది అతని భార్య సుగుణమ్మ, కొడుకు తిరుమలేశ్, కోడలు, వెనకింట్లో అనసూయమ్మ. ఏడాది తిరక్కుండానే తిరుమలేశ్ ఇల్లు బిల్డరుకిచ్చే ఏర్పాటు చేశాడు. చుట్టూ ఫిలింనగర్ పెరిగి పెరిగి వాళ్ల ఇంటి గోడ దాకా వచ్చింది మరి, ఎన్నాళ్లని పెంకులు చూసుకుంటూ కూర్చుంటాడు?

"అత్తమ్మా, జర ఆఫీసు దాంక రావాలె. ఒక చిన్న సంతకం," అన్నాడొక రోజు. మేనత్త మొహంలోకి చూడకుండా అన్నాడు.

బిల్డరు తరఫు వకీలు త్రినాథరావు. ఊరు అమలాపురం వైపు, ఆఫీసు ఫిలింనగర్‌లో ఒక డబ్బింగ్ థియేటర్ పైన. కింద ఎవరో హీరోయిను గొంతుతో కెవ్వుమంటుంటే పైన ఈయన శాంతంగా కాగితాలు చదువుతుంటాడు. అనసూయమ్మకు మంచినీళ్లిచ్చి, కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

"అమ్మా, మీ ఇంటికి మూలకాగితం ఒకటుందండీ. ఉర్దూలో ఉంటే తర్జుమా చేయించాను. సైన్యం వచ్చాక రెండో ఏడు, కొత్త అధికార్లు ఊరూరా తిరిగి, దొరల భూమిని కౌలుకు చేసేవాళ్లెవరో రాసుకున్నారు. కౌలుదారుకి హక్కిచ్చే చట్టం కొత్తగా వచ్చింది. మీ ఇంటి జాగా అలా వచ్చిందే. అందులో మీ ఇంటి మనుషుల పేర్లున్నాయి."

"మా అమ్మ పేరున్నదా?"

"ఉందండీ. రాజమ్మ, విధవ. కొడుకు బాలనర్సయ్య, ఆరేళ్లు." త్రినాథరావు ఆగి కళ్లజోడు సర్దుకున్నాడు. "బాలనర్సయ్య భార్య అనసూయ, మూడేళ్లు."

అనసూయమ్మకు మొదట నవ్వొచ్చింది. ఆ తరవాత పాత మాటలు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి.

చిన్నప్పుడు వాడకట్టు ముసలమ్మలు అన్నాచెల్లెళ్లిద్దరూ కొట్టుకుంటుంటే చూసి, "ఆలుమొగలు కొట్లాడుతున్నరు" అని నవ్వేవాళ్లు. రాజమ్మ వాళ్ల మీదికి రాయి విసిరేది. వేళాకోళమనుకుంది తను. అమ్మకు అంత కోపం ఎందుకో అప్పుడు తెలియలేదు. పోయేముందు రాజమ్మ ఒకసారి అంది కూడా: "నిన్ను దాచుకునేటందుకు ఒక తప్పు మాట రాయించిన బిడ్డా, మనసుల పెట్టుకోకు." జ్వరంలో మాట అనుకుని తడిగుడ్డ మార్చింది అనసూయ.

"గట్లెందుకు రాయించింది?" అంది ఇప్పుడు, వకీలునే అమ్మ అనుకుని అడిగినట్టు.

"నాకు తోచింది చెప్తానండీ. దిక్కులేని పిల్లల్ని సర్కారు పట్నంలో ఏదో ఆశ్రమానికి పట్టుకుపోతుందని అప్పట్లో పుకార్లు. ఈ పిల్లెవరని అధికారి అడిగితే ఏం చెప్పాలి? కూతురంటే, ఆవిడ భర్త పోయిందెప్పుడో ఊరికి తెలుసు, లెక్క కుదరదు. దత్తతంటారా, ఆ రోజుల్లో దత్తత కొడుక్కే. ఆడపిల్లను దత్తత తీసుకోవచ్చని చట్టం వచ్చింది యాభై ఆరులో. ఆడపిల్ల ఇంకో ఇంట్లో అడుగుపెట్టడానికి ఉన్న దారి ఒక్కటే, కోడలు. పసుపుతాడు ఒకటి కట్టించేసి ఉంటారు. సాక్షుల వేలిముద్రలు కూడా ఉన్నాయండీ."

తిరుమలేశ్ గోళ్లు చూసుకుంటున్నాడు.

"రాజ్యం చేతులు మారితే నేల ఎవరిదన్నదొకటే మారదండీ. ఎవరికి ఎవరేమవుతారన్నదీ మారిపోతుంది," అన్నాడు త్రినాథరావు. "సరే, ఇప్పటి సంగతి. తెలియక పెట్టిన సంతకం రేపు కోర్టులో నిలవదు, అందుకని మొత్తం చెప్పేస్తున్నాను. ఈ కాగితం ప్రకారం మీరు ఆయన మొదటి భార్య. మొదటి భార్య ఉండగా చేసుకున్న రెండో పెళ్లి చెల్లదు. అంటే సుగుణమ్మగారు భార్య కారు. తిరుమలేశ్‌గారికి కొడుకుగా వాటా ఉంటుంది, ఆవిడకు మాత్రం ఉండదు. పింఛను కూడా చిక్కుల్లో పడుతుంది. భార్య వాటా మీకొస్తుంది. వీరస్వామిగారితో మీ పెళ్లి కూడా చెల్లనట్టే లెక్క, అది వేరే సంగతి."

"నాకు గా వాటా వద్దు. రాజమ్మ బిడ్డనని రాయి. గదే నిజం."

"దానికి చట్టంలో ఆధారం లేదండీ. కాగితంలో భార్య. కాగితం అబద్ధమంటే ఏమీ కారు. మూడో గడి లేదు." నిజంగానే బాధపడుతున్నట్టున్నాడు. "వారం తీసుకోండి. కావాలంటే మీ సొంత వకీల్ని అడగండి."

మెట్లు దిగుతుంటే తిరుమలేశ్ అన్నాడు. "అత్తమ్మా, ఏ సంబంధం లేదని సంతకం పెట్టు. నీకు ఎర్రగడ్డల మంచిగ రూమ్ చూసిన. కిరాయి నేనే కడ్త. ఫికర్ పెట్టుకోకు."

ఆ వారం అనసూయమ్మ కాలుకాలిన పిల్లిలా తిరిగింది. పొద్దున షేక్‌పేట ఫ్లైఓవర్ కింద, మధ్యాహ్నం యూసుఫ్‌గూడ యూనియన్ ఆఫీసు దగ్గర, సాయంత్రం మళ్లీ ఫిలింనగర్ రోడ్డు మీద. ఎక్కడా పని లేదు. ఏజెంటు ఫోన్ చేసి కోర్టు సీనుంది రమ్మంటే వెళ్లింది. సెట్టులో అట్టతో చేసిన స్తంభాలు, మైనపు రంగు గోడలు. హీరో బల్లగుద్ది "ఈమె నా తల్లి!" అని అరిచాడు, జడ్జి వేషగాడు వెంటనే కరిగిపోయాడు. ముందు వరుసలో కూర్చున్న అనసూయమ్మ లేచి బయటికొచ్చేసింది. అసిస్టెంట్ డైరెక్టరు తిట్టాడు. వరుసలో ఖాళీ కనిపిస్తోందట.

ఎర్రగడ్డ గది కూడా చూసింది. మూడో అంతస్తు, ఆస్పత్రి సందులో. గది చెడ్డదేం కాదు. ఇంటి యజమానురాలు తాళం తీసి, పైనుంచి కిందికి చూసి, "నీకెవ్వలు లేరా అవ్వా?" అని అడిగింది. మామూలుగా అడిగింది. అనసూయమ్మ మెట్లు దిగి వచ్చేసింది. డెబ్బై ఎనిమిదేళ్లలో ఆవిణ్ని ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. అడిగే అవసరం రాకుండా రాజమ్మ చూసుకుంది, తరవాత అన్న చూసుకున్నాడు.

ఆ రోజు తిరుగు మెట్రోలో ఆవిడ బుద్ధి ఎటెటో పోయింది. దాచడమెందుకు, ఆశపడింది. అన్నకు భార్యనని ఒక్క సంతకం పెడితే చాలు. ఎర్రగడ్డ మూడో అంతస్తుకు సుగుణమ్మే వెళ్తుంది. కాగితం తను రాయలేదు, దొంగతనం చేయలేదు, సర్కారు రాసిందే. వీరస్వామి కూడా గుర్తొచ్చాడు. చచ్చిపోయిన మనిషిని ఇప్పుడు మొగుడు కాదనాలి. లైట్ల వేడికి కమిలిన అరచేతులతో ఇంటికొచ్చి, ఆ చేతులతోనే ఉల్లిగడ్డలు తరిగి పెట్టేవాడు. ఇరవై రెండేళ్లు. అమీర్‌పేటలో దిగాల్సింది, ఆలోచనల్లో ముందుకు పోయింది.

ఇంటికొచ్చేసరికి సుగుణమ్మ వెనకింటి గడప దగ్గర నిలబడి ఉంది. కొడుకు నోరు జారినట్టున్నాడు. సుగుణమ్మ వయసులో చిన్నదే అయినా అన్న భార్య గనక అనసూయమ్మ ఆమెను వదినె అనే పిలుస్తుంది. సుగుణమ్మ మాత్రం పేరు పెట్టి పిలుస్తుంది.

"అనసూయా, నిజమేనా? నేను ఆయన పెండ్లాన్ని కానంటనా?"

"నేను రాసిన్నా వదినె?"

"నువ్వు రాయలే. నువ్వు రాయలే గానీ, ఇప్పుడు నీ చేతులనే ఉన్నదట గదా! యాభై ఆరేండ్లు కాపురం చేసిన. గా మనిషికి ముద్ద తినిపించిన, మలమూత్రాలు ఎత్తిన. నలుగుర్ల నన్నేమంటరు? ముండ అంటరు!"

"మరి నన్నేమంటరు?" అనసూయమ్మ గొంతు పెద్దదైంది. "నీ కొడుకు నన్ను ఏ సంబంధం లేదని రాసియ్యమంటుండు. అన్నకు పాడె కట్టినప్పుడు ఏడ్చింది ఎవలు? కిరాయికొచ్చిందా?"

"ఏమో, నీకది అలవాటే గదా."

మాట నోట్లోంచి వచ్చాక సుగుణమ్మ నాలుక కరుచుకుంది. వచ్చిన మాట వెనక్కి పోతుందా? అనసూయమ్మ తలుపేసుకుంది.

నాలుగు రోజులు ఆ ఇంట్లో ఇద్దరు ముసలమ్మలూ మాట్లాడుకోలేదు. రోజూ ముందింట్లో తొక్కు నూరితే వెనకింటికి గిన్నెలో వచ్చేది, వెనకింట్లో సర్వపిండి కాలిస్తే ముందింటికి పోయేది. ఆ రాకపోకలు ఆగిపోయాయి. నల్లా దగ్గర ఒకరొస్తే ఇంకొకరు బిందె అక్కడే వదిలి వెళ్లిపోయేవారు. తిరుమలేశ్ ఇద్దరి మధ్యా అడకత్తెరలో పోకచెక్కలా నలిగాడు. నిజం చెప్పాలంటే అతని మీద నాకు పెద్దగా జాలి లేదు.

ఐదో రోజు అనసూయమ్మ నడవలేదు. పొద్దుట్నుంచీ గదిలోనే అటూ ఇటూ తిరిగింది. ముందింట్లో సుగుణమ్మ దగ్గు వినిపిస్తోంది. బాలనర్సయ్య పోయాక పట్టుకున్న దగ్గు, తగ్గడం లేదు. ఆ దగ్గు వింటూ వింటూ అనసూయమ్మకు ఒక సంగతి తట్టింది. రాజమ్మ ఆ రోజు ఆ అబద్ధం ఎందుకు రాయించింది? ఒక పిల్ల ఇంట్లోంచి బయటికి పోకూడదని. ఇప్పుడదే కాగితం పట్టుకుని తను ఇంకో మనిషిని బయటికి పంపితే, అమ్మ మూటగట్టుకున్న పాపమంతా దేనికి? ఆశ ఆ క్షణానే చచ్చిపోయిందని చెప్పను. గింజుకుంది. కానీ ఆవిడ చెప్పులేసుకుంది.

"తిరుమలేశూ, పా. వకీలు తాన సంతకం పెడ్త," అంది గుమ్మంలో నిలబడి. "మీ అమ్మను గూడ తోల్కరా. ఆమె చెవులతోని వినాలె."

త్రినాథరావు ఆఫీసులో ముగ్గురూ కూర్చున్నారు. కింద థియేటర్లో ఆ రోజు కుక్క అరుపులు డబ్బింగ్ చేస్తున్నారు. వకీలు ప్రమాణపత్రం తయారు చేసి చదివాడు.

"అనసూయమ్మ, భర్త కీర్తిశేషులు వీరస్వామి, వయసు డెబ్బై ఎనిమిది. నేను ప్రమాణపూర్వకంగా చెప్పునదేమనగా, కీర్తిశేషులు బాలనర్సయ్యతో నాకు వివాహం జరగలేదు. వారితో నాకు వివాహ సంబంధం గానీ, రక్తసంబంధం గానీ, మరే ఇతర సంబంధం గానీ లేవు."

"గా ఆఖరుది తీసెయ్," అంది అనసూయమ్మ.

"తీస్తే బిల్డరు ఒప్పుకోడండీ. రేపు ఎవరైనా అదే పట్టుకుంటారు."

అనసూయమ్మ కిటికీలోంచి బయటికి చూసింది. రోడ్డుకవతల కొత్త సినిమా ఫ్లెక్సీ కడుతున్నారు. పెళ్లి లేదు, అది నిజం. రక్తం లేదు, అదీ నిజమే కావచ్చు. మిగిలిన మూడోది ఏ నోటితో చెప్పడం? ఒక పళ్లెంలో తిన్న మాట అబద్ధమా? మశూచి వచ్చినప్పుడు వేపమండలతో అన్న విసిరిన మాట అబద్ధమా? ఆవిడకు కోపం వచ్చింది, దుఃఖం వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు. సైన్యం మీదా, రజాకార్ల మీదా, ఆ అధికారి మీదా, చేను గట్టున తనను వదిలేసిన ఆ తల్లి మీదా? వాళ్లెవరూ ఇప్పుడు లేరు. ఎదురుగా ఒక దగ్గుతున్న ముసలమ్మ ఉంది.

సంతకం పెట్టింది. అక్షరాలు వంకర్లు పోయాయి గానీ పేరు పూర్తిగా పడింది.

తిరుమలేశ్ ఊపిరి వదిలాడు. త్రినాథరావు బిల్డరు ఒప్పందం సుగుణమ్మ ముందుకు జరిపి, ఎక్కడ పెట్టాలో వేలితో చూపించాడు. సుగుణమ్మ కలం పట్టుకోలేదు.

"సారూ, ఇప్పుడు నేను భార్యనే గదా?"

"మీరేనండీ."

"ఇంకెవ్వలు కాదనరు గదా?"

"అనలేరండీ."

"నా వాటా నా ఇష్టమే గదా?"

"మీ ఇష్టమేనండీ."

"అయితే నా వాటాకొచ్చే ఇంట్ల ఒక అర్ర అనసూయ పేరు మీద రాయి. గది రాసినంక దీనిమీద సంతకం పెడ్త."

"అమ్మా, ప్లాన్ అంతా అయిపోయింది..." అన్నాడు తిరుమలేశ్.

"నీ ప్లాన్ల మన్నువడ! ఆమె నన్ను నా మొగనికి పెండ్లాన్ని చేసింది. లేకుంటే ఈ కుర్చీల నేనెవల్ని? నువ్వు నోరు మూసుకుని కూసో."

తిరుమలేశ్ మూసుకుని కూర్చున్నాడు. త్రినాథరావు కొత్త కాగితం తీశాడు, రెండు వరుసలు రాసి ఆగిపోయాడు.

"దానపత్రంలో ఇచ్చేవారికీ తీసుకునేవారికీ సంబంధం రాయాలండీ. ఆడపడుచు అని రాయలేను. ఏ సంబంధమూ లేదని ఆవిడ ఇప్పుడే ప్రమాణం చేశారు. అలా రాస్తే ఆ కాగితం చెడుతుంది. మళ్లీ మీ పెళ్లి దగ్గరికే వస్తుంది."

అనసూయమ్మ లేచి నిలబడింది, వెళ్లిపోదామనే. సుగుణమ్మ ఆమె మణికట్టు గట్టిగా పట్టుకుని కూర్చోబెట్టింది.

"పరాయిదని రాయి," అంది వకీలుతో. "ఏమీ గాని మనిషికి ఇస్తున్ననని రాయి. ఎందుకిస్తున్నవంటే, నా ఖుషీ అని రాయి."

త్రినాథరావు అలాగే రాశాడు. ఇచ్చేవారి సంతకం అయింది. తీసుకునేవారి సంతకం కోసం కాగితం అనసూయమ్మ ముందుకొచ్చింది. సంబంధం అన్నచోట "లేదు" అని ఉంది. ఆవిడ ఆ మాటను చాలాసేపు చూసింది. కళ్లనీళ్లు కాగితం మీద పడతాయని సుగుణమ్మ తన కొంగు అడ్డం పెట్టింది.

"తెల్లారిపోతదే," అంది దగ్గుతూ. "సంతకం పెట్టు, పరాయిదానా."